చిన్న ఖర్చు పోరాట చిత్రాలపై చిన్నచూపు వద్దు

సంపాదకులు గారికి,

నమస్కారములు.

గత ఆదివారం మీ సినిమా పేజీలో 1980ల, 90ల నాటి హాలీవుడ్ యాక్షన్ చిత్రాలపై వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పెద్ద సంస్థల చిత్రాల గురించి వివరంగా రాసిన వ్యాసకర్త, అదే కాలంలో అమెరికాలో తక్కువ పెట్టుబడితో తయారైన కరాటే, కిక్‌బాక్సింగ్, నింజా చిత్రాలను మాత్రం కథ లేని, నటన రాని చవకబారు సరుకంటూ ఒక్క వాక్యంలో పక్కకు నెట్టేశారు. ఆ చిత్రాలను ఎన్నో ఏళ్లుగా ఇష్టంగా చూస్తున్న ప్రేక్షకుడిగా ఆ మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. వాటిలో లోపాలు లేవని నేను వాదించను. అయితే డబ్బు లేకపోవడం వల్లనే వాటికి అబ్బిన ఒక గుణం ఉంది. దాన్ని చూడకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదని మనవి చేసుకుంటున్నాను.

నటన సంగతే ముందుగా తీసుకుంటాను. ఆ చిత్రాల కథానాయకుల్లో చాలామంది రంగస్థలం నుంచో నటనాలయాల నుంచో రాలేదు. పోటీల బరి నుంచి వచ్చారు. చక్ నోరిస్ అమెరికా వైమానిక దళంలో ఉద్యోగిగా కొరియాలో ఉన్నప్పుడు టాంగ్ సూ డో అనే కొరియా పోరాట విద్య నేర్చుకుని, స్వదేశానికి తిరిగివచ్చి కరాటే పోటీల్లో విజేతగా నిలిచి, కాలిఫోర్నియాలో శిక్షణశాలలు నడిపిన తరువాతే కథానాయకుడయ్యారు. డాన్ 'ది డ్రాగన్' విల్సన్ కిక్‌బాక్సింగ్‌లో ప్రపంచ విజేత. పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో పెరిగిన సింథియా రాత్‌రాక్ 1981 నుంచి 1985 దాకా విన్యాసాల, ఆయుధ ప్రదర్శనల పోటీల్లో అగ్రస్థానంలో ఉన్న క్రీడాకారిణి. తక్కువ ఖర్చు చిత్రాల నిర్మాత రోజర్ కోర్మన్ సంస్థ 1989లో విడుదల చేసిన 'బ్లడ్‌ఫిస్ట్' మొదట్లో పేర్లు వేసేటప్పుడు, నటుల పేర్ల కింద వారు గెలిచిన పోటీల బిరుదులను కూడా వేశారు. దీన్ని చూసి నవ్వే విమర్శకులున్నారు. ఆ చిత్రం ప్రేక్షకుడికి ఏ మాట ఇచ్చి టిక్కెట్టు అమ్ముతున్నదో దాచకుండా చెప్పిన తీరుగా నేను దాన్ని గౌరవిస్తాను. సంభాషణ చెప్పేటప్పుడు తడబడిన ఆ మనిషే కాలు లేపిన క్షణంలో సంపూర్ణమైన అధికారంతో కదులుతాడు. అతను ఏళ్ల తరబడి సాధన చేసింది అక్కడే కనిపిస్తుంది.

ఇంతమంది సాధకులు ఒక్క దేశంలో ఎలా పోగయ్యారన్నది తెలుసుకోదగిన విషయం. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపాన్‌లో, ఒకినావాలో, కొరియాలో పనిచేసిన అమెరికన్ సైనికులు అక్కడి విద్యలు నేర్చుకుని వచ్చి తమ ఊళ్లలో శిక్షణశాలలు తెరిచారు. 1964లో కరాటే గురువు ఎడ్ పార్కర్ కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో జరిపించిన కరాటే పోటీల వేదిక మీదే బ్రూస్ లీ తన విద్యను ప్రదర్శించి పలువురి దృష్టిలో పడ్డారు. 1973లో హాంకాంగ్ చిత్రాలు అమెరికా హాళ్లను ముంచెత్తాయి. దాదాపు ఎనిమిదిన్నర లక్షల డాలర్లతో తీసిన 'ఎంటర్ ది డ్రాగన్', బ్రూస్ లీ మరణించిన కొద్ది వారాలకే విడుదలై ఘన విజయం సాధించింది. ఆ తరువాత కరాటే నేర్చుకునే పిల్లలు, నేర్పే గురువులు, ఆడే పోటీలు అన్నీ పెరిగాయి. అంటే ఈ చిన్న చిత్రాలకు నటులూ ప్రేక్షకులూ ఒకే చోట తయారయ్యారు. తాను వారానికి రెండు సాయంత్రాలు సాధన చేసే తన్నును తన కంటే గొప్పగా వేసేవాడిని చూడటానికి వచ్చే కుర్రవాడికి కథలో మలుపులు తక్కువైనా లోటు అనిపించదు.

వ్యాపారం సంగతి క్లుప్తంగా చెబుతాను. నిర్మాతలు మెనహెమ్ గోలన్, యోరమ్ గ్లోబస్ 1979లో చేజిక్కించుకున్న కానన్ సంస్థ 1981లో 'ఎంటర్ ది నింజా'తో నింజా చిత్రాల వరస మొదలుపెట్టింది. 1985 నాటి 'అమెరికన్ నింజా'ను కూడా ఖర్చు తగ్గుతుందని ఫిలిప్పీన్స్‌లోనే తీసింది. అదే సంస్థ సుమారు ఇరవై లక్షల డాలర్లతో హాంకాంగ్‌లో తీయించిన 'బ్లడ్‌స్పోర్ట్' 1988లో ఒక్క అమెరికాలోనే కోటి డాలర్లకు పైగా వసూలు చేసి, అంతకు ముందు చిన్న వేషాలు వేస్తున్న జాన్ క్లాడ్ వాన్ డామ్‌ను కథానాయకుడిగా నిలబెట్టింది. ఇక వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణాలు వీధివీధికీ వచ్చాక, హాలు ముఖం చూడని చిత్రానికి కూడా బతుకుదెరువు దొరికింది.

నేను అసలు చెప్పదలచుకున్నది పోరాటాలను చిత్రీకరించిన పద్ధతి గురించి. డబ్బున్న చిత్రంలో కథానాయకుడికి పోరాటం రాకపోతే దాచడానికి ఎన్నో మార్గాలున్నాయి: కెమెరాను ముఖానికి దగ్గరగా పెట్టవచ్చు, వెనక నుంచి డూపును చూపించవచ్చు, ఒక్క దెబ్బను నాలుగు ముక్కలుగా కోసి అతికించవచ్చు, తీగలు కట్టి ఎగరేయవచ్చు. రోజుకు ఇన్ని సన్నివేశాలు పూర్తి చేయాలన్న ఒత్తిడిలో, రెండో కెమెరాకు కూడా తడుముకునే చిన్న చిత్రానికి అంత తీరిక లేదు. అందువల్ల కెమెరాను కాస్త దూరంగా నిలబెట్టి, తల నుంచి పాదం దాకా ఇద్దరి దేహాలూ పట్టేలా పెట్టి, ఇద్దరు నేర్పరులను తలపడమన్నారు. మన ఊరి జాతరలో కర్రసాము చూసేవాడు గుంపును తోసుకుని ముందుకు వచ్చేది కర్ర తిప్పే మనిషి నిలువెల్లా కనిపించాలనే కదా. ఈ చిత్రాలు ఆ ప్రేక్షకుడికి ముందు వరసలో చోటు ఇచ్చాయి. పాదం నేల మీద ఎక్కడ ఆనింది, నడుము ఎటు తిరిగింది, ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడు, దెబ్బ తప్పించుకోవడానికి ఎంత వ్యవధి మిగిలింది అన్నవి చూసేవాడికి స్పష్టంగా తెలుస్తాయి. అవి తెలిసినప్పుడే ప్రమాదం ప్రమాదంలా అనిపిస్తుంది. అన్ని చిత్రాల్లోనూ ఇది సమానంగా లేదని ఒప్పుకుంటాను. హడావుడిగా తీసి, బలహీనమైన దెబ్బలకు పెద్ద చప్పుళ్లు అతికించినవీ ఉన్నాయి. మంచివాటిలో మాత్రం ఈ గుణం ఇప్పటికీ తాజాగా ఉంది.

ఈ విషయంలో సింథియా రాత్‌రాక్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆమె 1985లో హాంకాంగ్ వెళ్లి, కోరీ యూన్ దర్శకత్వంలో మిషెల్ యోతో కలిసి 'యెస్, మేడమ్!'లో నటించారు. అక్కడి ఫైట్ మాస్టర్ల పద్ధతి వేరు: దెబ్బకూ దెబ్బకూ మధ్య తాళం, ఎదుటివాడి ప్రతిస్పందనకు సరిపడా విరామం, కుర్చీ నుంచి నిచ్చెన దాకా చేతికందిన వస్తువునల్లా పోరాటంలోకి తెచ్చే చురుకుదనం. ఆ అనుభవంతో తిరిగివచ్చి, 'ఎంటర్ ది డ్రాగన్' దర్శకుడు రాబర్ట్ క్లౌస్ తీసిన 'చైనా ఓబ్రయన్' (1990)లో ఆమె చేసిన పోరాటాలు చూడండి. పొట్టి మనిషి, సాధారణమైన దుస్తులు, తన కంటే ఎత్తయిన మగవారి మధ్య నిలబడి భుజం మీదుగా వెనక్కి కాలు విసిరి తల మీద కొట్టగలదు. కెమెరా దాన్ని దాపరికం లేకుండా చూపిస్తుంది. కథానాయికను ఇంకా కాపాడవలసిన వస్తువుగానే చూపిస్తున్న పెద్ద చిత్రాల కాలంలో, ఒక స్త్రీ దేహబలమే కథకు ఇరుసుగా నిలిచిన ఆ చిత్రం అమెరికాలో నేరుగా వీడియో దుకాణాలకు వెళ్లిపోయింది. ఈమెకు దక్కవలసిన గౌరవం దక్కలేదన్న బాధ నాకు ఈనాటికీ ఉంది.

కథలు లేవన్న ఆరోపణకు కూడా జవాబు చెప్పాలి. అన్నను దెబ్బతీసిన వాడి మీద పగ, ఊరుగాని ఊళ్లో ఒక గురువు, కఠినమైన శిక్షణ, చివరన పోటీ: నిజమే, ఈ అచ్చులోనే చాలా కథలు పోతపోశారు. అయినా ఆ అచ్చు మధ్యలో శిక్షణకు ఇచ్చిన చోటును గమనించండి. తెలియనివాడు తెలుసుకోవడం, చేతకానివాడికి చేతకావడం తెర మీద మెట్టు మెట్టుగా కనిపిస్తుంది. థాయ్‌లాండ్‌లో తీసిన 'కిక్‌బాక్సర్' (1989)లో కథానాయకుడు మొదట తన్నలేని చెట్టును తరువాత తన్నగలుగుతాడు. అంతకు మించి వివరణ అక్కరలేదు. ఇంగ్లీషు సరిగా రాని ప్రేక్షకుడికి కూడా ఆ చిత్రం పూర్తిగా అర్థం కావడానికి కారణం ఇదే.

ఇక నన్ను నొప్పించే లోపాలు. ఆసియా విద్యలను అరువు తెచ్చుకున్న ఈ చిత్రాలు ఆసియా మనుషులను చాలాసార్లు గురువుగానో దుర్మార్గుడిగానో మాత్రమే నిలబెట్టాయి. శిష్యుడైన తెల్లవాడు గెలవడం కోసం గురువు చనిపోవాలి. 'ఎంటర్ ది నింజా'లో నింజాగా నటించిన ఫ్రాంకో నీరో ఆ విద్య తెలిసినవారు కారు. ఆ చిత్రం ఆలోచన తెచ్చిన కరాటే విజేత మైక్ స్టోన్ తెర వెనకే మిగిలారు. 'అమెరికన్ నింజా'లో పక్కన నిలబడిన నల్లజాతి నటుడు స్టీవ్ జేమ్స్ పోరాటంలో, తెర మీద ఆకట్టుకునే తీరులో కథానాయకుడిని మించిపోయినా, 1993లో చిన్న వయసులోనే మరణించేదాకా ఆయనకు ఎక్కువగా దక్కినవి స్నేహితుడి వేషాలే. 'బ్లడ్‌స్పోర్ట్'ను నిజంగా జరిగిన కథ అని ప్రచారం చేశారు; ఆ కథ చెప్పిన ఫ్రాంక్ డక్స్ వాదనలను ఆ చిత్రం విడుదలైన 1988లోనే అమెరికన్ పత్రికలు ప్రశ్నించాయి. ఇవన్నీ రాయవలసినవే. వ్యాసకర్త వీటిని రాసి ఉంటే నేను సంతోషించేవాడిని.

ఒప్పుకోలేనిది మరొక వైఖరి కూడా ఉంది. 'ఎంత చెత్తగా ఉందో చూసి నవ్వుకుందాం' అని ఈ చిత్రాలను ఆదరించేవారు ఇటీవల ఎక్కువయ్యారు. 1987 నాటి 'మయామీ కనెక్షన్' ఇందుకు ఉదాహరణ. కొరియా నుంచి వలస వచ్చి ఫ్లోరిడాలోని ఓర్లాండోలో టైక్వాండో నేర్పుతున్న వై.కె. కిమ్, సినిమా అనుభవమేమీ లేకుండా, తన శిష్యులనే నటులుగా పెట్టుకుని, సొంత డబ్బు పోసి ఆ చిత్రం తీశారు. అది ఆడలేదు, ఆయన బాగా నష్టపోయారు. పాతికేళ్ల తరువాత ఒక సినిమా హాలు నిర్వాహకుడు యాభై డాలర్లకు ఇంటర్నెట్ వేలంలో కొన్న పాత ప్రింటు పుణ్యమా అని 2012లో అది మళ్లీ విడుదలై పేరు తెచ్చుకుంది. హాలు నిండా నవ్వులు వినిపించాయన్నది నిజమే. అయితే తల్లిదండ్రులు లేని స్నేహితులు ఒకే ఇంట్లో ఉంటూ, కలిసి పాడుతూ, కలిసి సాధన చేస్తూ, ఒకరి కోసం ఒకరు నిలబడే ఆ కథలో ఒక్క కపటమైన క్షణం లేదు. పరాయి దేశంలో విద్య నేర్పి బతికిన ఒక గురువు తాను నమ్మినదంతా అందులో పెట్టారు. చేతకానితనాన్ని వెక్కిరించడం తేలిక. ఆ నిజాయితీని గుర్తించడానికి ఇంకొంచెం ఓపిక కావాలి. అదే ఓపికతో ఒక అమెరికన్ వీడియో సంస్థ, 1984లో తీసి మధ్యలో వదిలేసిన 'న్యూయార్క్ నింజా' రీళ్లను, ధ్వని, స్క్రిప్టు రెండూ పోయినప్పటికీ, కొత్తగా కూర్చి, డాన్ విల్సన్, సింథియా రాత్‌రాక్ వంటివారితో గొంతు చెప్పించి 2021లో విడుదల చేసింది.

తెలుగు పాఠకులకు ఇది దూరపు విషయమేమీ కాదు. మన పట్టణాల్లో ఇంగ్లీషు చిత్రాల ఉదయం ఆటలకు, ఆ తరువాత వీడియో పార్లర్లకు జనాన్ని రప్పించినవాటిలో ఈ నింజా, కిక్‌బాక్సింగ్ చిత్రాలకు పెద్ద వాటా ఉంది. కరాటే తెలిసిన సుమన్, భానుచందర్ వంటి నటులను మన ప్రేక్షకులు ఆ విద్య కోసం ప్రత్యేకంగా అభిమానించారు. పైగా మనకు ఫైట్ మాస్టర్ పేరు గుర్తుపెట్టుకునే అలవాటు ఉంది. రామ్-లక్ష్మణ్ పేరు తెరపై పడినప్పుడు హాల్లో ఈలలు వినిపిస్తాయి. ఆస్కార్ అకాడమీ స్టంట్ రూపకల్పనకు అవార్డు ఇస్తామని 2025లో గాని ప్రకటించలేదు. అదీ 2027లో విడుదలయ్యే చిత్రాల నుంచే మొదలవుతుంది. ఇంత ఆలస్యంగా వచ్చిన ఆ గుర్తింపు వెనుక, మనీలా ఎండలో, లాస్ ఏంజెలెస్ గిడ్డంగుల్లో గట్టి నేల మీద పడి లేచిన పేరులేని మనుషుల శ్రమ ఉందని నేను నమ్ముతున్నాను.

కాబట్టి మీ సినిమా పేజీలో ఈ చిత్రాలపై ఒక వ్యాసమైనా, వీలైతే కొన్ని వారాల శీర్షికైనా వేయవలసిందిగా కోరుతున్నాను. అందులో నటుల పేర్లతో పాటు పోరాటాలు కూర్చినవారి పేర్లూ తప్పక ఇవ్వండి. ఈ సంప్రదాయం ఇంకా ఆగిపోలేదు కనుక, ఐజాక్ ఫ్లోరెంటైన్ బల్గేరియాలో తీసిన 'అన్‌డిస్ప్యూటెడ్ 2' (2006), లార్నెల్ స్టోవాల్ పోరాటాలు కూర్చిన దాని తరువాతి భాగం (2010) కూడా చేర్చండి. వాటిలో నటుడు స్కాట్ ఆడ్కిన్స్ గాలిలో తిరిగి వేసే తన్నులను కెమెరా ముక్కలు చేయకుండా ఎంత గౌరవంగా చూపించిందో రాయండి. ఎక్కడ మొదలుపెట్టాలని మీ పాఠకులు అడిగితే 'చైనా ఓబ్రయన్' చెప్పండి. మొదటిసారి కథ కోసం కాక, సింథియా రాత్‌రాక్ పాదాలను మాత్రమే గమనిస్తూ చూడమనండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
కాకినాడ.