చట్టం ఉన్నా కమ్మలు తాకట్టుకే

సంపాదకుడికి నమస్కారం.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి మొన్నామధ్య వారం రోజులు రాలేదు. వచ్చిన రోజు చూస్తే చెవులకు కమ్మల్లేవు, వేపపుల్లలున్నాయి. ఇద్దరు పిల్లల తల్లి, మూడో కాన్పు వద్దనుకుంది. రెండో నెలలోనే సర్కారు ఆసుపత్రికి వెళ్తే మొగుడి సంతకం తెమ్మన్నారు. అతనేమో బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. రెండోసారి వెళ్తే స్కానింగ్ బయట చేయించుకు రమ్మన్నారు. మూడోసారి డాక్టరమ్మ సెలవు. బస్సు ఫ్రీయే, కానీ మూడు రోజుల కూలి పోయింది. చివరికి కమ్మలు కుదువపెట్టి ప్రైవేటులో అబార్షన్ చేయించుకుంది.

అసలు ఆ సంతకం అడగడమే తప్పు. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి (ఎంటీపీ) చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన మహిళ ఒప్పుకుంటే చాలు. ఫారం-సి అనే కాగితం మీద ఆమే సంతకం పెడుతుంది, భర్త సంతకానికి అందులో చోటే లేదు. కుటుంబ సభ్యుల అనుమతి వంటి చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదని సుప్రీంకోర్టు కూడా 2022 సెప్టెంబర్ 29న తీర్పులో చెప్పింది. పెళ్లికాని ఆడపిల్లలకూ 24 వారాల వరకు అవకాశం ఉందన్నది ఆ తీర్పే. మన ఆసుపత్రి గోడల మీద మాత్రం ‘భ్రూణహత్య నేరం’ అన్న బోర్డే కనిపిస్తుంది. ఆ మాట లింగనిర్ధారణ మీద 1994లో వచ్చిన చట్టం గురించి, అబార్షన్ చట్టం వేరు. ఆ బోర్డు చూసి ఈ అమ్మాయి తనను పోలీసులు పట్టుకుంటారేమోనని భయపడింది.

డాలస్‌లో ఉండే మా చెల్లెలి కూతురు నెలకు ఇరవై డాలర్లు ‘అబార్షన్ ఫండ్’కు పంపుతుంది. గుడికి చందా ఇస్తాం గానీ దీనికి చందా ఏమిటని మొదట ముఖం చిట్లించాను. 1976 నాటి హైడ్ సవరణ వల్ల అక్కడి పేదల వైద్య పథకం మెడికెయిడ్‌లో కేంద్రం సొమ్ము కొద్ది సందర్భాల్లో తప్ప దీనికి ఖర్చు పెట్టరు. 2022 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు హక్కునే తీసేసింది. దాంతో అబార్షన్‌ను నిషేధించిన టెక్సాస్‌ ఆడవాళ్లు పక్క రాష్ట్రం న్యూ మెక్సికో దాకా పోవాల్సి వస్తోంది. క్లినిక్ బిల్లుతో పాటు పెట్రోలు, హోటల్ గది ఖర్చులు కూడా ఈ ఫండ్‌లు ఇస్తాయట.

మనకు హక్కుంది, సర్కారు ఆసుపత్రి ఉంది. చుట్టూ అయ్యే చిల్లర ఖర్చు భరించేవాళ్లే కరవు. ఫ్యామిలీ ప్లానింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1949 నుంచి పనిచేస్తోంది. ఐపాస్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ సర్కారు డాక్టర్లకు సురక్షిత అబార్షన్‌లో శిక్షణ ఇస్తోంది. మంచిదే. ఇలాంటి సంస్థలు జిల్లాకొక చిన్న నిధి పెట్టి స్కానింగ్ బిల్లు, పోయిన కూలి, తోడు వచ్చే మనిషి ఖర్చు ఇస్తే బాగుంటుంది. డ్వాక్రా సంఘంలో అప్పు అడగొచ్చు కదా అంటారు కొందరు. అడిగితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఆమె పేరు బయటపెట్టకూడదని చట్టమే అంటోంది కాబట్టి నిధి ఊరికి దూరంగా, ఫోన్ నంబరు మీద నడవాలి. ఆ నంబరు, ‘భర్త సంతకం అక్కర్లేదు’ అన్న మాట ప్రతి ఏరియా ఆసుపత్రి ఓపీ గది ముందు రాయించే పని ఆరోగ్యశాఖది.

ఆ అమ్మాయి కమ్మలు ఇంకా విడిపించలేదు. నూటికి మూడు రూపాయల వడ్డీ.

— ఒక పాఠకురాలు, రిటైర్డ్ టీచర్