డిస్‌ప్లేలో మైనస్ 18, లోపల కరిగిపోయిన మాంసం: ఫ్రీజర్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ కంపెనీ డీప్ ఫ్రీజర్ కొని ఎనిమిది నెలలైంది. వారంటీ ఇంకా ఉంది. బిల్లు నకలు, ఫొటోలు జతచేస్తున్నాను.

మేం పది రోజులు ఊరెళ్లాం. వెళ్లే ముందు గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక నాణెం పెట్టి ఫ్రీజర్లో ఉంచాను. లోపలివి కరిగి మళ్లీ గడ్డకడితే పైకి ఏమీ తెలియదు గానీ, నాణెం దిగిపోతుంది. తిరిగొచ్చి తలుపు తీస్తే అన్నీ రాళ్లలా ఉన్నాయి, డిస్‌ప్లేలో మైనస్ 18 వెలుగుతోంది. నాణెం మాత్రం గ్లాసు అడుగున మంచులో ఇరుక్కుని ఉంది. విడివిడిగా ఉండాల్సిన బఠాణీలు ఒకే ముద్దయ్యాయి. మాంసం కవర్ల నుంచి కారిన ఎర్రనీళ్లు సొరుగు అడుగున పలకలా పేరుకున్నాయి.

మీ టెక్నీషియన్ వచ్చి, డిస్‌ప్లే చూసి, "బాగానే ఉంది కదండీ, కరెంటు పోయుంటుంది" అని ఐదు నిమిషాల్లో వెళ్లిపోయారు. కరెంటు పోలేదు. పోతే టైమ్ చెరిగిపోయే గడియారం అదే గదిలో ఉంది, అది సరిగ్గానే నడుస్తోంది. అయినా నిండుగా ఉన్న ఫ్రీజర్, తలుపు తీయకపోతే, కరెంటు లేకున్నా దాదాపు రెండు రోజులు చల్లదనం నిలుపుకోవాలి.

ఆయన వెళ్లాక నేనే లోపల థర్మామీటర్ పెట్టి మూడు రోజులు చూశాను. మైనస్ 9 కంటే కిందికి ఒక్కసారీ దిగలేదు. డిస్‌ప్లే మాత్రం మైనస్ 18 దగ్గరే ఉంది. అది చూపేది లోపలి చలినా, మేం సెట్ చేసిన అంకెనా?

చలికి సూక్ష్మజీవులు అన్నీ చావవు, ఎదుగుదల ఆగుతుందంతే. కరిగి వెచ్చబడితే మళ్లీ పెరుగుతాయి, తిరిగి గడ్డకట్టించినా ఆ మాంసం బాగుపడదు. ఎన్ని గంటలు కరిగి ఉందో తెలియక మొత్తం పారేశాను. మా ఇంట్లో రెండేళ్ల పాప, పెద్దవయసు అత్తగారు ఉన్నారు. ఆ నాణెం పెట్టకపోయుంటే అదే వండి వాళ్లకు పెట్టేదాన్ని. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తోంది.

ఫ్రీజర్ మార్చి ఇవ్వండి, పాడైన సరుకుకు పరిహారం చెల్లించండి. డిస్‌ప్లే గురించి నేనడిగినదానికి రాతపూర్వకంగా జవాబివ్వండి. ఈసారి వచ్చేవారు థర్మామీటర్ తెచ్చుకుని, కనీసం కొన్ని గంటలు లోపల ఉంచి చూడాలి. నాణెం ఉన్న గ్లాసు తీయకుండా అలాగే ఉంచాను.

ఇట్లు,
మీ వినియోగదారు