గ్రంథాలయ పన్నులో జైలుకు వాటా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున మనం గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అందులో కొంత జైళ్లలోని గ్రంథాలయాలకూ, అక్కడ నాటకం, బొమ్మలు నేర్పేవారికీ కేటాయించాలని కోరుతున్నాను.

ఉద్యోగంలో ఉండగా ఒకసారి ఒక జైలుకు రెండు సంచుల పుస్తకాలు పట్టుకెళ్లాను. గ్రంథాలయమంటే అక్కడ ఒక ఇనుప బీరువా. తాళం చెవి దొరకడానికే గంట పట్టింది. లోపల కాలం చెల్లిన పోటీ పరీక్షల గైడ్లు, అట్టల్లేని వారపత్రికలు. దానంగా వచ్చేవి ఇలాగే ఉంటాయి. నా సంచుల్లోనూ సగం అలాంటివే, ఒప్పుకుంటాను. ఒక కుర్రాడు నా నవలలన్నీ తిరగేసి, "పెద్దబాలశిక్ష లేదా సార్?" అన్నాడు. బెయిలు కాగితంలో ఏముందో తానే చదువుకోవాలట. నేను తీసుకెళ్లలేదు.

"నేరస్థులకు నాటకాలా?" అనేవారు ఈ లెక్క చూడాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది ఇంకా నేరం రుజువుకాని విచారణ ఖైదీలే. నూరుమంది పట్టే చోట అప్పటికి 131 మంది సర్దుకుంటున్నారు. కఠిన కారాగార శిక్ష పడినవాడికి ఏదో ఒక పని అప్పగిస్తారు. ఈ విచారణ ఖైదీలకు వాయిదా కోసం ఎదురుచూడటమే పని.

అమెరికాలో మెలన్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ ఖైదు సమస్యపై సాగే కళా, సాహిత్య, చరిత్ర కృషికే 12.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. మన దగ్గర, జైళ్లలో కులాన్ని బట్టి పనులు అప్పగించడం చెల్లదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు మూలం ఒక జర్నలిస్టు రాసిన కథనాలు. వాటికి అండగా నిలిచిన, జర్నలిస్టులకు నిధులిచ్చే పులిట్జర్ సెంటర్ కూడా అమెరికాదే. మన జైళ్ల సంగతి రాయడానికీ పరాయి డబ్బే దిక్కయింది.

మా కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో రాజద్రోహం కేసులో జైలుకు వెళ్లారు. తర్వాత గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కయింది ఆయనే. ఏటా నవంబరు వారోత్సవాల్లో ఆయన పటానికి దండ వేసే జిల్లా గ్రంథాలయ సంస్థలు తమ బడ్జెట్‌లో జైలు పేరిట ఒక పద్దు తెరవాలి. ఏ పుస్తకాలు కావాలో ఖైదీలనే అడిగి కొనాలి. నాటకం నేర్పే కళాకారుడికి శాలువాతో సరిపెట్టకుండా నెలనెలా పారితోషికం ఇవ్వాలి. స్థానిక సంస్థలు వసూలు చేసిన పన్ను గ్రంథాలయాలకు సరిగా జమ చేయవన్నది పాత గొడవే. ముందు ఆ బకాయిలు తీర్చమనండి.

— విశ్రాంత గ్రంథపాలకుడు, కర్నూలు