ఆఫర్ల గురించి రాస్తున్నారు సరే, సలహాల గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

టూర్ల వాళ్లంతా ఒకచోట స్టాళ్లు పెట్టే ట్రావెల్ ఎక్స్‌పో గురించి మీ పత్రికలో ఎప్పుడు వార్త వచ్చినా ఎన్ని స్టాళ్లు పెట్టారు, ఎంత డిస్కౌంట్ ఇస్తున్నారు, లక్కీ డ్రాలో ఏమిస్తారు, ఇవే ఉంటున్నాయి. అవి చదివి జనం కూడా బట్టల సేల్‌కి వెళ్లినట్టే వెళ్తున్నారు. మొదటిసారి నేనూ అలాగే వెళ్లి చేతులు కాల్చుకున్నాను. ఆ తర్వాత ఇంకో రెండు ఎక్స్‌పోలు చూశాక తెలిసొచ్చింది, అక్కడ మనం నిజంగా తెచ్చుకోవాల్సింది వేరే ఉందని.

మా ఇంట్లో అందరికీ నార్తర్న్ లైట్స్, అంటే ఉత్తర ధ్రువం వైపు దేశాల్లో రాత్రిపూట ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు, చూడాలని ఎప్పటినుంచో కోరిక. పిల్లలకి సెలవులు దొరికేది జూన్‌లో కాబట్టి అప్పుడే వెళ్దామనుకున్నాం. పెద్ద స్క్రీన్ పెట్టిన ఒక స్టాల్లో అడిగితే అక్కడి అబ్బాయి జూన్ అనగానే క్యాలిక్యులేటర్ తీసి నలుగురికి ఎంతవుతుందో లెక్క కట్టేశాడు, ఇవాళే అడ్వాన్స్ కడితే తగ్గింపు కూడా ఉందన్నాడు. సరే ఆలోచించుకుంటామని పక్క వరసలోకి వెళ్తే నార్వే నుంచి వచ్చిన ఒకావిడ చిన్న బల్ల వేసుకుని ఖాళీగా కూర్చుని ఉంది. మేం నెల చెప్పగానే "జూన్‌లోనా?" అని నవ్వింది. వాళ్ల దేశంలో ఉత్తరాన ఉన్న ట్రోమ్సో లాంటి ఊళ్లో మే 20 దగ్గర్నుంచి జులై 22 దాకా సూర్యుడు అసలు అస్తమించడట. చీకటే పడని చోట ఆ వెలుగులు ఎలా కనిపిస్తాయి! సెప్టెంబరు చివర్నుంచి మార్చి చివరి లోపల రండి, వచ్చినా నాలుగైదు రాత్రులు ఉండేలా చూసుకోండి, మబ్బు పట్టిందంటే ఏమీ కనిపించదు, తప్పకుండా చూపిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి అని చెప్పింది. అంతా కలిపి ఐదు నిమిషాలు. ఆ అబ్బాయికి ఈ సంగతి తెలియదో, తెలిసే చెప్పలేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఇంకోసారి ఒక కుర్రాడు ఆఫ్రికాలో టాంజానియాలో ఉన్న కిలిమంజారో ఎక్కడానికి ఐదు రోజుల ప్యాకేజీ చవగ్గా వస్తోందని సంబరపడుతుంటే పక్కనే నిలబడి విన్నాను. అక్కడికి వచ్చిన గైడు ధర గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అది 5,895 మీటర్ల కొండ, ఒళ్లు ఆ ఎత్తుకి అలవాటు పడాలి, ఏడెనిమిది రోజులు పెట్టుకో, లేకపోతే సగంలోనే తలనొప్పి, వాంతులతో దిగొస్తావు అన్నాడు. తర్వాత, "నేరుగా టాంజానియా వస్తున్నావా, కెన్యాలో సఫారీ చూసుకుని వస్తున్నావా?" అని అడిగాడు. కెన్యా నుంచి వస్తే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారట, అది కూడా టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది కాబట్టి ముందే వేయించుకో అన్నాడు. ఇదంతా ఏ బ్రోషర్‌లోనైనా ఉండొచ్చేమో, కానీ మన ప్లాన్ విని మనకి కావాల్సిన ప్రశ్న ఎదురు అడగడం కాగితానికి చేతకాదు కదా.

ఇక చేతులు కాల్చుకున్న సంగతి. మొదటి ఎక్స్‌పోలో యూరప్ టూర్‌కి స్పాట్ బుకింగ్ అంటే అక్కడికక్కడే అడ్వాన్స్ కట్టేశాం, సంస్థ పేరు ఇప్పుడు అనవసరం. వీసా పూచీ మాది అన్నారు. ప్రయాణం మూడు వారాల్లో ఉంది, అపాయింట్‌మెంటే దొరకలేదు, టూర్ పోయింది, అడ్వాన్స్ తిరిగి ఇవ్వమని అడిగితే రసీదు వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ఒక లైను చూపించారు. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చని, నిర్ణయానికి ఒక్కోసారి 45 రోజులు కూడా పడుతుందని, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే అప్లై చేయాలని మరుసటి ఎక్స్‌పోలో వీసాల మీద ఒకాయన మాట్లాడితే విన్నాను. వీసా ఇచ్చేది కాన్సులేట్, ఏ ఏజెంటూ దానికి పూచీ పడలేడు అని కూడా ఆయన గట్టిగానే చెప్పాడు. ఆ మాటలు వినడానికి మాత్రం నానా తంటాలు పడ్డాను, ఎందుకంటే వేదికని ఒక మూల పెట్టి దాని పక్కనే లక్కీ డ్రా మైకు పెట్టారు! ఉన్న కుర్చీలు ముప్పైకి మించి ఉండవు, వాటిలో సగం మంది కాళ్లు నొప్పులు పుట్టి కూర్చున్నవాళ్లే.

ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లకి కూడా ఇలాంటి చోట మంచి ఆలోచనలు దొరుకుతాయి. అజోర్స్ అని అట్లాంటిక్ మధ్యలో పోర్చుగల్‌కి తొమ్మిది దీవులున్నాయని నాకు అక్కడే తెలిసింది. ఆ దీవుల వాళ్ల బల్ల దగ్గర జనం ఎవరూ లేరు, అందుకే ఆగాను. అక్కడ కూర్చున్నాయన తీరిగ్గా కాగితం మీద బొమ్మ గీసి, తొమ్మిదీ చూడాలని పరుగులు పెట్టకండి, ఫయాల్, పికో, సావ్ జార్జ్ ఒకదానికొకటి దగ్గర, పడవల మీద తిరగొచ్చు అని చూపించాడు. పోర్చుగల్ మొత్తానికి ఎత్తైన కొండ ఆ పికో మీదే ఉందట, 2,351 మీటర్లు. ఆ కాగితం ఇంకా దాచుకున్నాను. మోసుకొచ్చిన రెండు సంచుల బ్రోషర్లు ఏమయ్యాయో తెలియదు.

మీకు నాదొక విన్నపం. వార్త రాసేటప్పుడు మామూలు జనాన్ని ఏ రోజుల్లో రానిస్తారో ముందు రాయండి. 1966లో మొదలైన బెర్లిన్ ట్రావెల్ ఎక్స్‌పో ఐటీబీకి ఇప్పుడు ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లనే రానిస్తారు, మాడ్రిడ్‌లో జరిగే ఫితూర్ ఎక్స్‌పోలో అయితే వారం మధ్యలో వ్యాపారులకి, శని ఆదివారాలు అందరికీ. ఇది తెలియక మా బంధువు ఒకాయన సెలవు పెట్టుకుని మరీ వెళ్లి గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చాడు. దాంతోపాటు ఎవరెవరు ఏ దేశం నుంచి వస్తున్నారు, ఎవరు ఎన్ని గంటలకి ఏ విషయం మీద మాట్లాడతారు అన్నది కూడా వేయండి. డిస్కౌంట్ల సంగతి ఎలాగూ వాళ్ల ప్రకటనల్లో వస్తుంది.

నిర్వాహకులు ఇది చదువుతుంటే, ఆ లక్కీ డ్రా మైకుని దయచేసి హాలు రెండో చివరకి మార్చండి. అన్నట్టు ఆ డ్రా చీటీ మీద నా ఫోన్ నంబరు రాశాను. బహుమతి రాలేదు గానీ ఆరు నెలలపాటు రోజూ ఫోన్లు వచ్చాయి. మా ఆయన నంబరు రాయాల్సింది.

మీ పాఠకురాలు