తీర్థన్ లోయకు పోయే బిడ్డకు, గాలం సామాను సంగతులు

మల్కాజిగిరి, హైదరాబాద్
ఆదివారం

బిడ్డా స్వప్నా,

నీ మెసేజ్ అందింది. ఇన్ని రోజులకు వచ్చింది కదా, మీ అమ్మ కళ్లజోడు వెతుక్కుని మరీ చదివింది. చదవడానికి ఉన్నది ఒక్క లైనే. హిమాచల్‌లో తీర్థన్ లోయలో మూడు నెలలు ఉంటావట, గాలం సామాను తక్కువలో తక్కువ ఏం కావాలో చెప్పాలట. అడిగింది అదే కాబట్టి అదే రాస్తున్నా. మూడు నెలల సెలవు ఏ ఆఫీసు ఇస్తుందని నేను అడగడం లేదు. చందానగర్ మేనత్త ఫోన్ చేసి ఏదో అన్నది. ఆమె మాట నీకు తెలియంది కాదు, పోనీ.

సామానంతా సర్ది బుజ్జిగాడి చేత పంపుతున్నా. బుధవారం పొద్దున బెంగళూరులో దిగుతాడు. ఆ టైముకు నువ్వు ఆఫీసులో ఉంటావో రూములో ఉంటావో వాడికి చెప్పు, వాడు తిరగలేడు.

కొర్రమీనుకు వాడే బరువు రాడ్, రబ్బరు కప్పలు, పెద్ద గాలాలు ఇక్కడే ఉంచాను. అక్కడ ఉండేది చలినీళ్ల ట్రౌట్. అరకిలో పడితే మంచి చేప కిందే లెక్క. మహాసీర్ లాంటి పెద్ద నది చేప మీద ఆశ పెట్టుకోకు, ఈ సామాను దానికి ఆగదు.

రాడ్ ఆరున్నర అడుగులది, నాలుగు ముక్కలు. విడదీస్తే మూరెడు పైన కొంచెం, బ్యాగులో నిలువుగా పడుతుంది. 3 నుంచి 10 గ్రాముల ఎర విసరడానికి చేసింది. గొట్టాలు ఒకదానిలో ఒకటి దూరే టెలిస్కోపిక్ రాడ్ ఇంకా చిన్నగా అవుతుందని షాపువాళ్లు అంటగడతారు, తీసుకోకు. నది ఇసుక ఆ గొట్టాల సందుల్లో దూరితే మూయరాదు, తెరవరాదు. కొన ముక్క సన్నగా ఉంటుంది, బలవంతంగా మూస్తే విరిగేది అక్కడే. మూడు నెలల మకాంలో రిపేరు ఎవరు చేస్తారు?

ముక్కలు కలిపేటప్పుడు రింగులన్నీ ఒక వరసలో ఉన్నాయా అని కొన నుంచి ఒక కన్నుతో చూడు. అతుకుల్లో లోపలికి పోయే వైపు కొవ్వొత్తి మైనం పల్చగా రాయి. నూనె రాస్తే మట్టి పడుతుంది. ఇరవై ముప్పై విసుర్లకోసారి అతుకు బిగువు చూసుకో. వదులైతే కొన ముక్క ఎరతో పాటు ఎగిరి నీళ్లలో పడుతుంది. బిగుసుకుపోయి ఊడకపోతే పట్టకారు పెట్టకు. రాడ్‌ను మోకాళ్ల వెనక అడ్డంగా పెట్టి, మోకాళ్లకు బయట రెండు వైపులా పట్టుకుని, మోకాళ్లు మెల్లగా ఎడం చెయ్యి. వచ్చేస్తుంది.

దారం చుట్టే రీలు 1000 సైజుది. అంతకంటే పెద్దది పెడితే రాడ్ చేతిలో తల బరువుగా ఊగుతుంది. దానికి ఆరు పౌండ్ల బరువు ఆపే తంగూసు వంద మీటర్లు ఎక్కించాను. అంచుకు రెండు మిల్లీమీటర్లు తక్కువగా ఆపాను, నువ్వు ఇంకా చుట్టకు. నిండుగా ఉంటే విసిరినప్పుడు చుట్టలు చుట్టలుగా ఊడి చిక్కు పడుతుంది, మరీ తక్కువైతే దూరం పోదు. ఎండకు తంగూసు బలం తగ్గుతుంది, రాళ్లకు గీరుకుంటుంది. రోజూ చివరి మీటరు వేళ్ల మధ్య పెట్టి లాగి చూడు. గరుగ్గా తగిలిందంటే అంత మేర కత్తిరించేయ్. ఇంకో వంద మీటర్ల చుట్ట విడిగా పెట్టాను. రాత్రి రీలు పక్కన పెట్టేటప్పుడు డ్రాగ్, అంటే దారం బిగువు సరిచేసే మర, వదులు చెయ్యి, లోపలి వాషర్లు అణిగిపోకుండా ఉంటాయి.

ఎరలు ఎనిమిదే పెట్టాను. నీళ్లలో రేకు తిరిగే స్పిన్నర్లు ఐదు; వాటి సైజులు సున్నా, ఒకటి, రెండు. స్పూన్లు, అంటే చెంచా ఆకారపు రేకు ఎరలు, చిన్నవి మూడు; ఒక్కోటి ఐదు గ్రాములు. స్పిన్నర్ దారాన్ని మెలి పెడుతుంది, అందుకే మెలి దారానికి ఎక్కకుండా తిరిగే చిన్న స్వివెల్స్ డజను వేశాను. మూడు కొంకుల గాలాలు తీసేసి ఒంటి గాలాలు తగిలించాను, ముల్లు పట్టకారుతో నొక్కేశాను. చిన్న చేప వస్తే గాయం లేకుండా వదలొచ్చు, నీ వేలికి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది. విడి గాలాలు 8, 10, 12 నంబర్లవి తలా పది. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నది, కొట్టులో కొనాల్సి వస్తే తికమక పడకు. ముడి వేశాక బిగించే ముందు ఉమ్ముతో తడుపు. పొడిగా లాగితే ఆ రాపిడి వేడికే దారం బలం పోతుంది. చుట్లు ఐదు చాలు.

గాలం తీయడానికి కోఠీ నుంచి వంకర మూతి ఫోర్సెప్స్ తెచ్చాను. దారం కోయడానికి నెయిల్ కట్టర్. అన్నీ కలిపి, రాడ్ పెట్టిన పైపుతో సహా, కిలో లోపే.

తక్కువ సామానంటే గుర్తొచ్చింది. మీ సూరి చిన్నాన్న నాగార్జునసాగర్‌లో రెండు నెలల మకాం వేసినప్పుడు పెట్టిన ట్రంకు పెట్టె నువ్వు చూడలేదు. రాడ్లు మూడు, రీళ్లు నాలుగు, గాలాలు రెండు వందలు, సీసం గుండ్లే రెండు కిలోలు. బస్సు మీదికి ఎక్కించడానికి కూలీ, దించడానికి కూలీ. ఆ ఏడు నీళ్లు దిగిపోయి ఒడ్డు ఎక్కడో ఉంది, రాళ్ల మీద నడిచి పోవాలి. పెట్టె రూములోనే ఉండిపోయింది, రోజూ చేతిలో పోయేది ఒక రాడ్, ఒక డబ్బా. సరే, అదైనా సరిగ్గా చూశాడా? సాయంత్రం వచ్చి తడి ఎరలు తెచ్చి పొడి గాలాల డబ్బాలోనే పడేసి మూత పెట్టేవాడు. గాలి ఆడక ఆ చెమ్మకు వారం తిరిగేసరికి రెండు వందల గాలాలూ తుప్పు. పెట్టెలో ఒత్తిడికి ఒక రీలు బెయిల్ తీగ వంగి దారం చుట్టడం మానేసింది. ఇంకో రీలును ఇసుక మీద పెట్టాడు, తిప్పితే కరకర. గోధుమపిండి ఎరకు చీమలు పట్టాయి. చివరికి అక్కడి జాలరి పిల్లవాడి దగ్గర వెదురు కర్ర, బెండు అడుక్కుని పట్టాడు. ఇక్కడ చిన్నమ్మేమో సెలవులో ఉన్నాడనుకుంటోంది. ఉద్యోగం మానేసిన సంగతి ఆమెకు కిరాణా కొట్టాయన చెప్పాడు, పెసరపప్పు తూస్తూ. మానేసినందుకు ఆమె ఏమీ అనలేదు, కొట్టాయన నోటి నుంచి వినాల్సి వచ్చినందుకు నెల రోజులు మాట్లాడలేదు.

అందుకే నీకు డబ్బాలు రెండు పెట్టాను. నీలం మూతది పొడి సామానుకు, చిల్లులున్నది తడి ఎరలకు. రాత్రి తడివన్నీ పాత బట్ట మీద పరిచి, పొద్దున ఆరాకే నీలం డబ్బాలోకి.

విమానంలో గాలాలు, ఫోర్సెప్స్, రాడ్ అన్నీ చెక్-ఇన్ బ్యాగులో వెయ్యి, సెక్యూరిటీ వాళ్లతో వాదన పెట్టుకోకు. రీలు మాత్రం సాక్సులో చుట్టి చేతి బ్యాగులో పెట్టుకో. మనాలీ బస్సు ఎక్కితే ఔట్ అనే ఊరి దగ్గర దిగి బంజార్ వైపు మారాలి, రాత్రి బస్సయితే కండక్టరుకు ముందే చెప్పి ఉంచు.

దిగగానే మత్స్యశాఖ లైసెన్సు తీసుకో. ఎన్ని చేపలు, ఎంత సైజు అన్నది వాళ్లు చెప్పినట్టే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్ పట్టడం నిషేధం. నువ్వు చెప్పిన మూడు నెలలు ఆరు నెలలైతే అది నీకు అడ్డొస్తుంది. అవుతాయా? నేషనల్ పార్కు హద్దు లోపల గాలం తీయనే తీయకు.

నీళ్ల సంగతి ఒకటి. ఎండాకాలం మంచు కరిగి కొండ నదులు మధ్యాహ్నానికి పెరుగుతాయి. పొద్దున దాటిన రాయి సాయంత్రం కనబడదు. నీళ్లు మసకబారినా, పుల్లలు కొట్టుకొస్తున్నా వెంటనే ఒడ్డెక్కు. మోకాలు దాటి దిగకు. లార్జీ డ్యామ్ కింద బియాస్ ఒడ్డుకు అసలే పోవద్దు. 2014 జూన్ 8న డ్యామ్ నీళ్లు ఒక్కసారిగా వదిలితే కొట్టుకుపోయిన 24 మంది ఇంజనీరింగ్ పిల్లలు మన హైదరాబాద్ నుంచి పోయినవాళ్లే. మీ అమ్మ ముందు లార్జీ పేరు ఎత్తకు, మ్యాపులో తీర్థన్ నది బియాస్‌లో ఎక్కడ కలుస్తుందో ఆమె ఇంకా చూడలేదు.

ఉన్ని సాక్సులు మూడు జతలు, నువ్వుల పొడి, జండూ బామ్ అమ్మ పెట్టింది. కిలో లోపు అన్నది వాటిని కలపకుండా.

ఉద్యోగం ఉందా లేదా అన్నది ఇక్కడ ఎవరికీ పెద్ద విషయం కాదు. చేతిలో ఖర్చులకు ఎంత ఉందో మాత్రం రాయి, ఆదివారం లోపు. మేనత్తకు నేనేదో చెప్పుకుంటాను.

పైపు మూతల్లో ఎర్ర టేపు ఉన్నది అతికించేసింది, అది లాగకు. రెండో వైపుది మర మూత.

మీ నాన్న