గువ్వలచెరువు ఘాట్‌లో తప్పంతా బ్రేకులదేనా?

సంపాదకులకు నమస్కారం.

కడప-రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్‌లో లారీ బోల్తా పడిందంటే మీ పత్రికలోనే కాదు, ఏ పత్రికలో చూసినా ఒకటే కారణం ఉంటుంది: బ్రేకులు ఫెయిలయ్యాయని. కావచ్చు. కానీ ఆ బ్రేకులు అంతగా ఎందుకు కాలాయి, అప్పుడు బండి ఏ గేరులో ఉంది అని అడిగినవాళ్లు నాకు కనపడలేదు. నేను సైన్యంలో డ్రైవరుగా చేసి, రిటైరై కడపలో ఉంటున్నవాణ్ణి. కాశ్మీరు, లడఖ్ కొండల్లో బండి తోలినవాడిగా నాలుగు మాటలు రాయాలనిపించింది.

నాకు పని నేర్పిన బండి శక్తిమాన్ అనే మిలిటరీ లారీ. జర్మనీ మాన్ కంపెనీ సహకారంతో 1959లో జబల్‌పూర్‌లో దాని తయారీ మొదలైంది, 1996లో ఆగింది. అందులో సింక్రోమెష్ ఉండదు. ఇప్పటి బండ్లలో గేరు మార్చేటప్పుడు లోపలి పళ్ల చక్రాల వేగాన్ని రింగులు సరిచేస్తాయి. శక్తిమాన్‌లో ఆ పని డ్రైవరే తన కాలితో, చెవితో చేసుకోవాలి. డబుల్ క్లచ్ అనేది దాన్నే.

పైగేరుకు పోవాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలేయాలి. ఇంజిన్ సద్దు దిగేదాకా కాస్త ఆగి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేరు, చెవికే తెలియాలి. లడఖ్ చలిలో తెల్లవారుజామున గేర్‌బాక్సు నూనె చిక్కబడి ఉంటుంది, లోపలి చక్రాలు తొందరగా నెమ్మదిస్తాయి. అప్పుడు ఎక్కువసేపు ఆగితే పని చెడుతుంది. అదే బండి మధ్యాహ్నానికి వేడెక్కాక ఇంకో లెక్క.

కిందిగేరుకు దిగడంలోనే అసలు పనితనం ఉంది. క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి యాక్సిలరేటర్ మీద ఒక తొక్కు, ఇంజిన్ వేగం పెరగగానే మళ్లీ క్లచ్, వెంటనే గేరు. ఆ తొక్కు సరిగ్గా పడితే గేరు రాడ్డు వెన్నలో కత్తిలా దిగిపోతుంది. తక్కువ పడినా ఎక్కువ పడినా గర్రుమని కొరుకుతుంది. మా ఉస్తాద్ గేరు రాడ్డును పిడికిలితో పట్టనిచ్చేవాడు కాదు. వేళ్లతోనే వేయాలి, వేళ్లకు లొంగలేదంటే వేగం కలవలేదని అర్థం, బలంతో పని లేదు అనేవాడు. హిందీలో తిట్లు కూడా ఉండేవి, అవి మీరు అచ్చు వేయలేరు.

పాత మిలిటరీ బండ్ల సంగతి ఇప్పుడెందుకంటారా? సింక్రోమెష్ వచ్చాక డ్రైవర్లు డబుల్ క్లచ్ మర్చిపోయారు, అది తప్పేమీ కాదు. దాంతోపాటే గేరు ఎప్పుడు మార్చాలనే తెలివి కూడా పోతోందే, అదీ నా బాధ. రాయచోటి వైపు నుంచి వచ్చి కడపకు దిగే లారీలు కొన్ని డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో జారుతుంటాయి. ఇంకొన్ని పైగేరులోనే దిగుతూ, మలుపు దగ్గరికొచ్చాక గేరు తగ్గించబోతాయి. లోడు బండి వాలులో న్యూట్రల్‌కు వచ్చిన క్షణం నుంచే వేగం పెరుగుతుంది. ఇంజిన్ వేగమేమో పడిపోతుంది. ఆ తేడా ఎక్కువైతే సింక్రోమెష్ రింగులూ చేతులెత్తేస్తాయి, గేరు పడదు. అప్పుడిక కాలి కింద బ్రేకు తప్ప దిక్కు లేదు. తొక్కేకొద్దీ బ్రేకు డ్రమ్ములు కాలి, వాటిని ఒరుసుకునే లైనింగు పట్టు వదులుతుంది. పైగా లారీ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేసేవి, న్యూట్రల్‌లో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే కంప్రెసర్ గాలి నింపేదీ నెమ్మదే, మాటిమాటికీ తొక్కితే ట్యాంకులో గాలి తరిగిపోతుంది. ఇంజిన్ పొగ దారిని మూసి బండిని నెమ్మది చేసే ఎగ్జాస్ట్ బ్రేకు ఉంది కదా అంటారేమో, బండి గేరులో లేకపోతే అది ఉన్నా లేనట్టే.

డీజిల్ మిగులు కూడా ఉత్త మాట. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే, వాలులో చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, పంపు డీజిల్ ఆపేస్తుంది. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగకుండా ఉండటానికి డీజిల్ కాలుతూనే ఉంటుంది. డ్రైవరుకు మైలేజీ లెక్క కట్టి బత్తా కోసే ఓనర్లు ఈ మాట వినాలి.

సైన్యంలో నియమం ఒకటే. వాలు మొదలు కాకముందే, సమంగా ఉన్న చోటే గేరు తగ్గించుకోవాలి. ఎక్కిన గేరులోనే దిగాలి. ఇప్పటి ఇంజిన్లకు బలం ఎక్కువ, పైగేరులోనే మిట్ట ఎక్కేస్తున్నాయి కాబట్టి దిగేటప్పుడు ఇంకో గేరు తగ్గించాలని నేనంటాను. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకూడదు. గట్టిగా తొక్కి, వేగం తగ్గగానే వదిలేయాలి, డ్రమ్ములకు చల్లబడే సందు దొరకాలి.

చట్టంలో ఇది లేదనుకోకండి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వ నిబంధన చూడండి. పల్లంలో దిగేటప్పుడు త్వరగా కిందిగేర్లకు మార్చగలగడం, నిటారు మిట్ట మీద బండి ఆపి వెనక్కు జారకుండా మళ్లీ కదిలించడం లైసెన్సు పరీక్షలో చూడాల్సినవే. నేను చూసిన పరీక్షలన్నీ చదునైన మైదానంలో ఎనిమిది అంకె తిప్పి ముగించినవే. మన జిల్లాలో కొండలకు కొరతా? హెవీ లైసెన్సు పరీక్ష ఒక్కటైనా లోడు బండితో, వాలు రోడ్డు మీద పెట్టాలి.

ఘాట్ పైన, దిగుడు మొదలయ్యే ముందు లారీలు పక్కకు ఆపుకోవడానికి విశాలమైన జాగా, ‘గేరు తగ్గించి దిగండి’ అని తెలుగుతో పాటు హిందీ, తమిళం, కన్నడంలో పెద్ద బోర్డు ఉండాలి. ఆ దారిలో తిరిగేవి మన బండ్లు మాత్రమే కాదు. పాలకోవా కొనడానికి గువ్వలచెరువులో ఎలాగూ ఆగుతారు, ఆ ఆగేదేదో బ్రేకులు చల్లారడానికీ గాలి మీటరు చూసుకోవడానికీ పనికొచ్చేలా చేయవచ్చు.

కడపలో ఏ డ్రైవింగ్ స్కూలు వారైనా హెవీ బండి నేర్చుకునే పిల్లలకు ఇది చూపించమంటే వస్తాను. డబ్బులు అక్కర్లేదు. బండి మాత్రం లోడుతో ఉండాలి, ఖాళీ బండి మీద ఏమీ తెలియదు.

- ఒక విశ్రాంత సైనిక డ్రైవరు, కడప