శీనూ, ఆపరేషన్‌కి ఇప్పుడే తొందరపడకు

ఒరేయ్ శీనూ,

నీ ఎమ్మారై రిపోర్టు చదివాను. "సి6-సి7 డిస్క్ హెర్నియేషన్" అన్న లైను చుట్టూ ఎర్రగీత గీసి, కింద "ఆపరేషన్ తప్పదేమో రా" అని రాశావు. తప్పదని ఏ డాక్టరూ చెప్పలేదు కదా! ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని తీరిగ్గా రాస్తున్నాను. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు, నీకంటే తనే ఎక్కువ టెన్షన్ పడుతోంది.

సి6, సి7 అంటే మెడలోని ఆరో, ఏడో పూసలు. పూసకీ పూసకీ మధ్య ఉండే డిస్కుకి చుట్టూ గట్టి పొర, లోపల మెత్తటి గుజ్జు. బూరె చిట్లి పూర్ణం బయటికొచ్చినట్టు ఆ గుజ్జు బయటికొచ్చి, పక్కనుంచి చేతిలోకి దిగే నరాన్ని నొక్కుతుంది. నొక్కడం ఒక్కటే కాదు, గుజ్జులోని రసాయనాలకి నరం వాచి మండుతుంది. అందుకే జబ్బు మెడలో ఉన్నా చెయ్యంతా గుంజుతోంది. నీ నడివేలు మొద్దుబారిందన్నావే, అది చాలా పనికొచ్చే ఆనవాలు. సి6-సి7 దగ్గర నలిగేది మెడ నుంచి వచ్చే ఏడో నరం. అది వెళ్లేది నడివేలికి, మోచేతిని చాపే కండరానికి. అంటే రిపోర్టూ నీ వేలూ ఒకే మాట చెబుతున్నాయి. ఉత్త రిపోర్టునే పట్టుకుని ఏదీ తేల్చకూడదు రా. జపాన్‌లో ఏ బాధా లేని 1,200 మందికి పైగా మెడలు స్కాన్ చేస్తే, పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి డిస్కు ఉబ్బి కనిపించింది.

ఇక మంచి మాట. బయటికొచ్చిన ఆ గుజ్జుని చాలామందిలో ఒళ్లే మెల్లగా కరిగించేసుకుంటుంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని రోచెస్టర్ ఊళ్లో 1976 నుంచి 1990 దాకా ఇలా మెడ నరం నలిగిన 561 మందిని గమనించారు. నాలుగోవంతు మందికి ఆపరేషన్ అయింది, మిగతావాళ్లకి ఆ అవసరం రాలేదు. మొత్తం మీద చివరిసారి చూసేసరికి 90 శాతం మందికి నొప్పి లేదు, లేదా ఉన్నా పనులకి పెద్దగా అడ్డం రావడం లేదు. నాకూ ఇదే జబ్బు వచ్చి అలాగే తగ్గింది, కాకపోతే ఓపిక పట్టాల్సి వచ్చింది.

కైరోప్రాక్టర్ దగ్గరికి, అదే వెన్నునీ కీళ్లనీ చేతులతో సవరించి వైద్యం చేసేవాళ్ల దగ్గరికి, వెళ్లనా అని అడిగావు. వెళ్లు, కానీ చూసుకుని వెళ్లు. నేను మొదట వెళ్లిన చోట నా చెయ్యి పట్టుకుని కూడా చూడకుండా, నెలల తరబడి రావాలంటూ ముందే డబ్బు కట్టే ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. లేచి వచ్చేశాను. రెండో ఆవిడ అలా కాదు. చిన్న సుత్తితో తట్టి చెయ్యి దానంతటదే కదులుతోందా అని రిఫ్లెక్స్‌లు చూసింది, రెండు చేతుల బలం పోల్చింది, తలని నొప్పి ఉన్న వైపుకి వంచి మెత్తగా నొక్కి, చేతిలోకి నొప్పి దిగుతోందా అని అడిగింది. చెయ్యెత్తి తలమీద పెట్టుకుంటే హాయిగా ఉందా అనీ అడిగింది. రాత్రిళ్లు నువ్వు అలాగే పడుకుంటున్నానన్నావు చూడు, అప్పుడు నరం మీద లాగుడు తగ్గుతుంది, అందుకే ఆ సుఖం.

వైద్యం కూడా యూట్యూబ్‌లో చూపించే టకటక శబ్దాల వ్యవహారం కాదు. తలని రెండు చేతుల్లో పట్టుకుని నెమ్మదిగా సాగదీయడం, బిగుసుకున్న వీపు పైభాగాన్ని వదులు చేయడం, గడ్డం వెనక్కి లాక్కునే వ్యాయామం, నరం సాఫీగా కదలడానికి చేతితో చేసే కొన్ని కదలికలు. సగం పని ఇంట్లో నేను చేసుకున్నదే. నొప్పి ముందు ముంజేతిని వదిలింది, తర్వాత భుజాన్ని, ఆఖరికి మెడలోనే మిగిలింది. అలా పైకి జరగడం మంచి సూచన. వేలి తిమ్మిరి మాత్రం అన్నిటికంటే ఆలస్యంగా పోయింది, దానికి కంగారుపడకు.

"డిస్కుని లోపలికి నెట్టేస్తాం" అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకు. ఏ చెయ్యీ దాన్ని లోపలికి నెట్టలేదు. 1895లో అమెరికాలో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో పామర్ అనే ఆయన ఈ కైరోప్రాక్టిక్ వైద్యం మొదలుపెట్టినప్పుడు పూసలు పక్కకి జరగడం వల్లే దాదాపు అన్ని జబ్బులూ వస్తాయన్నాడు. ఇవాళ్టికీ అదే పాట పాడేవాళ్ల దగ్గరికి వెళ్లకు. నా నమ్మకం ఇదీ: ఒళ్లు తన పని తాను చేసుకునేలోగా నొప్పి తగ్గించి, మనల్ని మంచాన పడకుండా కదిలిస్తూ ఉంచడమే కైరోప్రాక్టర్లు చేయగలిగే మేలు. అది చిన్న మేలేమీ కాదు. మంచి ఫిజియోథెరపిస్టూ ఇదే చేస్తారు. నీ ఇన్సూరెన్స్ ఎన్ని విజిట్లకి ఇస్తుందో ముందే కనుక్కో.

ఒక్క విషయంలో మొండిగా ఉండు. మెడని ఒక్కసారిగా విసురుగా తిప్పనివ్వకు. మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమనులు ఆ పూసల్లోంచే వెళ్తాయి. అవి చిరిగితే పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా ఈ ప్రమాదం గురించి రోగులకి ముందే చెప్పాలంది. వద్దని నోరు తెరిచి చెప్పు, మంచివాళ్లయితే వింటారు. వైద్యం తర్వాత కళ్లు తిరిగినా, చూపు రెండుగా కనిపించినా, మాట తడబడినా వెంటనే ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చెయ్. ఇండియా వెళ్లినప్పుడు సెలూన్లో కటింగ్ అయ్యాక మెడ విరిపించుకునే అలవాటు కూడా మానెయ్. పుత్తూరు కట్టు కట్టించమని అమ్మ అంటోందన్నావు. ఇది ఎముక విరగడం కాదమ్మా అని నచ్చజెప్పు.

చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, నడకలో తూలినా, తల వంచితే వీపులో కరెంటు పాకినా, మూత్రం మీద పట్టు తప్పినా, అప్పుడు నలిగింది చేతి నరం కాదు, వెన్నుపాము. ఆ రోజు కైరోప్రాక్టర్ దగ్గరికి కాదు, ఎమర్జెన్సీకి వెళ్లు. చేతి బలం వారం వారం తగ్గుతున్నా సర్జన్‌ని కలవాల్సిందే. అప్పుడు ఆపరేషనే మేలు చేస్తుంది, ఆపమని నేనూ అనను.

ఇప్పుడో పని చెయ్. గోడకి ఎదురుగా నిలబడి, ఒక్కో చేత్తో గోడని నెట్టి చూడు. నొప్పి ఉన్న కుడిచెయ్యి ఎడమదానికంటే బాగా నీరసంగా ఉంటే ఆగకుండా రేపే డాక్టర్‌కి ఫోన్ చెయ్. తేడా లేకపోతే నాకు చెయ్, ఆ వ్యాయామాలు వీడియో కాల్‌లో చూపిస్తాను.

నీ
మురళి